కత్తి అంచు ముందు ఒక్క మిల్లీమీటరు: ఇంటి వడ్రంగానికి పనిముట్లు

ఇంట్లో ఓ మూల బల్ల వేసుకుని చెక్కపని మొదలుపెట్టిన వాళ్లను చెక్క కన్నా ముందు సలహాలు తికమక పెడతాయి. కొత్త చిత్రిక కొనమని ఒకరు, పాతదాన్ని బాగుచేసుకోమని ఇంకొకరు. సానరాయి మంచిదని ఒకరు, డైమండ్ ప్లేటే నయమని మరొకరు. కత్తిని 25 డిగ్రీలకు సానపెట్టమని ఒకరంటే, 30కి తగ్గితే అంచు నిలవదని వేరొకరు. అందరూ అనుభవం మీదే చెబుతారు, చాలావరకు అందరూ చెప్పేది నిజమే. ఏ మాట ఎక్కడ చెల్లుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. కొనడం, సరిచేసుకోవడం, వాడడం మూడు వేరువేరు పాఠాలన్నట్టు నేర్పడం వల్ల వచ్చే చిక్కు ఇది.

నా లెక్కలో ఈ మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. కత్తి అంచు ముందు మిల్లీమీటరు మేర చెక్క నార ముందు తెగుతోందా, ముందు లేస్తోందా? తెగాక లేస్తే పని నున్నగా వస్తుంది. తెగకముందే లేస్తే పెచ్చులు ఊడతాయి. ఉలి, చిత్రిక, రంపం, కరెంటు రంపం, రౌటర్ (తిరిగే మొనతో గాడులు, అంచులు చెక్కే కరెంటు పనిముట్టు) అన్నిటికీ ఇదే సూత్రం. ఈ ప్రశ్న మనసులో ఉంటే పైన చెప్పిన సలహాల్లో చాలావాటి మధ్య తగవు దానంతటదే తీరిపోతుంది.

ముందు చెక్క సంగతి. గడ్డిమోపును పట్టుకుని ఒక పరకను పక్కనుంచి లాగితే సులువుగా విడిపోతుంది, అదే పరకను అడ్డంగా తెంపాలంటే బలం కావాలి. చెక్కలోనూ అంతే. పొడవాటి సన్నని గొట్టాల్లాంటి నారలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. వాటి మధ్య పట్టు తక్కువ, నారలో బలం ఎక్కువ. కాబట్టి కత్తి ఎప్పుడూ రెండు పనుల మధ్య ఊగిసలాడుతుంది: నారను తెంపడం, నారల మధ్య చీల్చుకుపోవడం. చీల్చడం సులువు కనుక, అవకాశం దొరికితే చెక్క చీలడానికే చూస్తుంది.

ఆ చీలిక ఎటు పోతుందన్నది నార వాలును బట్టి ఉంటుంది. పలకను చేతిలోకి తీసుకుని పక్క అంచు చూడండి. గీతలు పైతలానికి సమానంగా ఉండడం అరుదు, ఎటో ఒకవైపు ఎక్కుతూ ఉంటాయి. చిత్రికను ఎటు తోస్తున్నామో అటే గీతలు పైకి ఎక్కుతుంటే, చీలిక వచ్చినా పైకి, గాలిలోకి పోతుంది. నష్టం లేదు. అవి తోసే దిశలో కిందికి దిగుతుంటే చీలిక చెక్క లోపలికి దిగుతుంది. కత్తి దాన్ని చేరుకుని తెంపేసరికి అక్కడొక గుంట పడి ఉంటుంది. దీన్నే నారకు ఎదురు పట్టడం అంటాం. మందు సులువే, పలకను తిప్పి రెండోవైపు నుంచి పట్టడం. ముడి చుట్టూ, మెలిక నార ఉన్న చెక్కలో మాత్రం తిప్పినా లాభం ఉండదు. జానెడు దూరంలో నార ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కుతుంది. పనిముట్టును సరిచేసుకునే విద్య అసలు అవసరమయ్యేది అక్కడే.

పలక కొసల్లో నారలు నిలువుగా మన ముఖం వైపు చూస్తుంటాయి. అక్కడ చీల్చడానికి దారి లేదు, ప్రతి నారనూ తెంపాల్సిందే. మొద్దుబారిన కత్తి అయితే వాటిని నలిపి వంచేస్తుంది. అందుకే పదును పరీక్షకు కొస భాగానికి మించినది లేదు. అదీ మెత్తని చెక్క కొస. గట్టి చెక్క నారలు కత్తికి ఎదురు నిలబడతాయి కాబట్టి ఓ మోస్తరు పదునుకూ తెగుతాయి. పైన్ లాంటి మెత్తని చెక్క నారలు నిలబడలేవు, నలిగిపోతాయి. ఉలితో పైన్ కొస మీద పలచని పొర తీసినప్పుడు తలం మెరుస్తూ వస్తే ఆ పదును దేనికైనా సరిపోతుంది. తెల్లగా పొడిపొడిగా, గుంటలు గుంటలుగా వస్తే మళ్లీ రాయి దగ్గరికి వెళ్లాలి.

పదును అంటే రెండు తలాలు కలిసే గీత. ఇంతకు మించి అందులో మాయ లేదు. ఒక తలం ఏటవాలుగా ఉంటుంది, రెండోది వెనుకవైపు చదునుగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏటవాలు వైపు గంటలకొద్దీ రుద్దుతారు, వెనుక తలాన్ని పట్టించుకోరు. వెనుక ఫ్యాక్టరీ గీతలు అలాగే ఉంటే అంచు కూడా ఆ గీతల మేర గరుకుగానే ఉంటుంది, ఎదురువైపు ఎంత మెరిపించినా సరే. ఉలికైతే వెనుక తలం కొస నుంచి రెండు మూడు సెంటీమీటర్ల మేరైనా చదునుగా, అద్దంలా ఉండాలి. ఎందుకంటే గాడిలో గోడను చెక్కేటప్పుడు ఉలికి దారి చూపించేది ఆ తలమే. చిత్రిక కత్తికి అంత అవసరం లేదు, అంచు దగ్గర కొద్ది మిల్లీమీటర్లు చాలు. ఈ పని ఒక్కో కత్తికి ఒకేసారి చేస్తాం, అందుకే బద్ధకించకూడదు.

ఒక ఉలిని దగ్గరగా చూద్దాం. 12 మిల్లీమీటర్ల ఉలి, 25 డిగ్రీల ఏటవాలు, అంచు మీద చిన్న నొక్కు. దీపం కింద అంచును కంటివైపు తిప్పితే అక్కడక్కడా తెల్లని గీత మెరుస్తుంది. మెరిసిన చోటల్లా మొద్దుబారిందన్నమాట. నిజంగా పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు, ఎంత చూసినా నల్లగానే ఉంటుంది. నొక్కు పోయేదాకా గరుకు రాయి మీద రుద్దాలి. తర్వాత 1000 నంబరు రాయి, 30 డిగ్రీల దగ్గర. కొన్ని లాగుళ్లకే కొసన సన్నని మెరుపుపట్టీ కనిపిస్తుంది. వెనుక తలం మీద వేలిని అంచు వైపుగా, అంచును దాటి బయటికి జరపండి. ఏదో గోరుకు తగిలినట్టు ఉంటే అది బర్, అంటే అంచు దాటి వెనక్కి మడిచిన పలచటి లోహపు పొర. అది ఆ కొస నుంచి ఈ కొస దాకా తగలాలి. మధ్యలో తగిలి మూలల్లో తగలకపోతే మూలలకి పదును ఇంకా చేరలేదు, పై రాయికి వెళ్లినా దండగే. బర్ పూర్తిగా వచ్చాక 6000 గానీ 8000 గానీ రాయి మీద ఏటవాలును ఓ పది లాగుళ్లు, ఆపైన వెనుక తలాన్ని రాయికి ఆనించి కొన్ని లాగుళ్లు. తోలుపట్టీ మీద పాలిష్ పేస్టు రాసి వెనక్కి మాత్రమే లాగితే మిగిలిన పొర కూడా రాలిపోతుంది. అలవాటు పడ్డాక ఇదంతా నాలుగైదు నిమిషాల పని.

రాళ్ల నంబర్ల గురించి ఒక మాట. జపాన్ లెక్కలో 1000 రాయిలో కణాలు 10 నుంచి 15 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటాయి, 8000 రాయిలో 2 మైక్రాన్ల లోపే. సాండ్‌పేపర్లకు, డైమండ్ ప్లేట్లకు వేరే కొలమానాలు ఉండొచ్చు కాబట్టి 1000 అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. నీటిరాయి త్వరగా కోస్తుంది, త్వరగా పల్లం పడుతుంది. పల్లం పడ్డ రాయి మీద వెనుక తలం ఎన్నటికీ చదును కాదు, అందుకే రాయినీ తరచూ చదును చేసుకోవాలి. డైమండ్ ప్లేటు పల్లం పడదు, పైగా ఆ రాళ్లను చదును చేయడానికీ పనికొస్తుంది. గరుకు పనికి డైమండ్ ప్లేటు ఒకటి, చివరి మెరుగుకు నున్నటి రాయి ఒకటి ఉంటే ఇంటి పనికి ఢోకా లేదు. రాయి మీద జరిగే చర్చల్లో సగం కాలక్షేపమే.

కోణం చేత్తో నిలబెట్టడం వచ్చేదాకా సానపెట్టే గైడ్ వాడడంలో నామోషీ ఏమీ లేదు. పక్కల నుంచి బిగించే మామూలు రకం గైడ్‌లో 30 డిగ్రీలకు ఉలి కొస 30 మిల్లీమీటర్లు, చిత్రిక కత్తి కొస 38 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. ఒక చెక్కముక్క మీద ఈ దూరాలకు అడ్డుపట్టీలు కొట్టి ఉంచుకుంటే ప్రతిసారీ కొలవక్కర్లేదు.

కరెంటు గ్రైండర్ దగ్గర మాత్రం జాగ్రత్త. కార్బన్ స్టీలు అంచు వేడెక్కి నీలం రంగుకు తిరిగిందంటే సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు తగిలినట్టు. అక్కడ గట్టిదనం పోయింది, ఎంత సానపెట్టినా నిలవదు. ఆ నీలం భాగం మొత్తం అరగదీయాల్సిందే. తేలిగ్గా ఆనించి, మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ పట్టాలి.

ఇక 25, 30 డిగ్రీల తగవు. ఉలితో చేతి ఒత్తిడి మీద పలచగా చెక్కేటప్పుడు 25 డిగ్రీలు హాయిగా ఉంటుంది, కొడతితో కొట్టి గట్టి చెక్కలో బెజ్జం తవ్వేటప్పుడు ఆ పలచని అంచు విరుగుతుంది. అక్కడ 30 నుంచి 35 దాకా కావాలి. ఇద్దరూ నిజమే చెప్పారు, పని వేరు. చిత్రిక దగ్గరికొచ్చేసరికి సంగతి ఇంకో మలుపు తిరుగుతుంది. మామూలు చిత్రికలో కత్తి 45 డిగ్రీల వాలు మీద, ఏటవాలు కిందికి ఉండేలా కూర్చుంటుంది. చెక్కకు ఎదురయ్యేది చదును తలం. కాబట్టి మీరు 25కి సానపెట్టినా 33కి సానపెట్టినా చెక్కకు తగిలే కోణం 45 డిగ్రీలే. మారేది అంచు వెనుక ఉండే ఖాళీ, అంచు బలం మాత్రమే. చిన్న బ్లాక్ చిత్రికలో కత్తి తిరగేసి, ఏటవాలు పైకి ఉంటుంది. తక్కువ వాలు రకంలో కత్తి కూర్చునే పీఠం వాలు 12 డిగ్రీలు. దానికి సానకోణం కలుపుకోవాలి. 25కి సానపెడితే మొత్తం 37, కొసలు తీయడానికి బాగుంటుంది. అదే కత్తిని 38కి సానపెడితే మొత్తం 50, మెలిక నార మీద పెచ్చులు తగ్గుతాయి. ఒక్క పనిముట్టుకు రెండు కత్తులు ఉంచుకుంటే రెండు పనిముట్లు ఉన్నట్టే.

చిత్రికను సరిచేయడం మీద ఉన్నంత గందరగోళం ఇంకే పనిముట్టు మీదా లేదేమో. ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఇనుప చిత్రికల రూపం లియొనార్డ్ బెయిలీ 1860ల్లో పేటెంట్లు తీసుకున్న డిజైన్ల నుంచి వచ్చింది, 1869లో స్టాన్లీ కంపెనీ వాటిని కొనుక్కుంది. నంబర్లూ ఆ కంపెనీవే. 4వ నంబరు సుమారు 25 సెంటీమీటర్లు, చివరి నునుపుకు. 5వది 35 సెంటీమీటర్లు, అన్ని పనులకూ. 7వది 56 సెంటీమీటర్లు, పలకల అంచులు అతుక్కునేలా తిన్నగా చేయడానికి. పొడవెందుకంటే, చిన్న చిత్రిక చెక్క మీది పల్లాల్లోకి దిగి వాటినీ నున్నగా చేసేస్తుంది, పొడవాటిది ఎత్తుల మీద ఆనుకుని పల్లాన్ని ముట్టకుండా దాటిపోతుంది. తలం తిన్నగా రావడానికి పొడవు, నున్నగా రావడానికి పదును, ఒకదాని పని ఇంకొకటి చేయదు. ఒక్కటే కొనాలంటే నేను 5వ నంబరే కొనమంటాను. కాస్త అటూ ఇటూ మూడు పనులూ నెట్టుకొస్తుంది.

అడుగు అద్దంలా చదునుగా ఉండాలని రోజులకొద్దీ రుద్దేవాళ్లు ఉన్నారు. అంత అక్కర్లేదు. ముందు కొస, నోటికి (అడుగున కత్తి బయటికొచ్చే సందుకు) ముందున్న అంచు, వెనుక కొస ఈ మూడూ ఒకే వరుసలో ఉంటే చాలు. మధ్యలో కొంచెం పల్లం ఉన్నా పనికి అడ్డు రాదు. నోటి ముందు భాగం పల్లంగా ఉంటే మాత్రం తప్పనిసరిగా సరిచేయాలి. కత్తి ముందు నారను అదిమిపట్టి ఉంచేది ఆ అంచే, అది చెక్కను తాకకపోతే నార లేవడానికి చోటిచ్చినట్టే. మందపాటి గాజుపలక మీద గరుకు కాగితం అంటించి, కత్తిని లోపలికి లాగేసి, పైబిగింపు మాత్రం పని చేసేటప్పుడు ఉన్నంత బిగువుగా ఉంచి రుద్దాలి. బిగింపుకు అడుగు కొద్దిగా వంగుతుంది, విప్పి రుద్దితే బిగించాక మళ్లీ తేడా వస్తుంది.

అసలు కీలకం చిప్ బ్రేకర్ దగ్గర ఉంది. కత్తి మీద బిగించే ఈ రెండో ఇనుపబిళ్లను చాలామంది కత్తి అదరకుండా పెట్టిన బరువనుకుంటారు. దాని అసలు పని వేరు. దాన్ని అంచుకు బాగా దగ్గరగా జరిపితే, లేస్తున్న పొర వెంటనే దానికి ఢీకొని నిటారుగా విరుగుతుంది. పొర విరిగితే చీలికను ముందుకు మోసుకుపోయే బలం ఉండదు, కత్తి వచ్చి తెంపేదాకా నార ఆగుతుంది. జపాన్‌లో యమగాటా విశ్వవిద్యాలయానికి చెందిన కావై, కాటో తీసిన సూక్ష్మదర్శిని వీడియోలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బ్రేకర్ దూరంగా ఉన్నప్పుడు అంచు ముందు చీలిక పరిగెత్తుతుంది, దగ్గరికి జరిపితే ఆగిపోతుంది. ఎంత దగ్గర అంటే 0.1, 0.2 మిల్లీమీటర్లు. తీసే పొర ఎంత పలచన అయితే అంత దగ్గర. పనివాళ్లకు ఇది పాతకాలం నుంచీ తెలుసు, పుస్తకాల మీద నేర్చుకున్న తరం దగ్గరే మరుగున పడింది.

ఇంత సన్నని దూరాన్ని కొలవడం కుదరదు, చూసి పెట్టాలి. మరను సగం బిగించి, కత్తిని దీపం కింద పట్టుకుని, బ్రేకర్‌ను వేలికొసతో తోస్తూ అంచు ముందు సన్నని మెరుపుగీత మిగిలేదాకా జరిపి పూర్తిగా బిగించాలి. బిగించేటప్పుడు అది మరో వెంట్రుకవాసి ముందుకు జారుతుంది, ఆ జారుడును ముందే లెక్కలో వేసుకోవాలి. బ్రేకర్ కొస కత్తిని ఎడం లేకుండా అంటుకుని ఉండాలి. కాగితమంత ఎడం ఉన్నా పొట్టు అందులో దూరి ఇరుక్కుంటుంది. బ్రేకర్ ముందు వాలు 50 డిగ్రీలో అంతకు కాస్త ఎక్కువో ఉండాలి, ఫ్యాక్టరీ నుంచి మరీ వాలుగా వస్తే రాయి మీద సరిచేసుకోవాలి. సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు పొట్టులోనే ఉంటుంది. ఉంగరాలు తిరిగి రాకుండా నిటారుగా, తిన్నటి రిబ్బన్లా పైకి లేస్తుంది. తోయడానికి బలం కాస్త ఎక్కువ పడుతుంది. పొట్టు ముడతలు ముడతలుగా నలిగి వస్తుంటే మరీ దగ్గరికి జరిపామన్నమాట.

చిత్రిక నోటిని ఎంత సన్నం చేస్తే అంత మంచిదన్న సలహా కూడా దీంతో ముడిపడి ఉంది. బ్రేకర్ దూరంగా ఉన్నప్పుడు సన్ననోరు నారను అదిమిపెట్టి కాపాడుతుంది, నిజమే. బ్రేకర్ దగ్గరగా ఉన్నప్పుడు పొట్టు నిటారుగా లేస్తుంది, దానికి దారి కావాలి. రెండూ ఒకేసారి చేస్తే నోరు మూసుకుపోయి పొట్టు కూరుకుంటుంది. పట్టే చిత్రిక ఉన్నట్టుండి పట్టడం మానేసిందంటే చాలాసార్లు ఇదే కారణం.

కత్తి ఒకవైపు ఎక్కువ దిగిందేమో చూడడానికి అడుగుభాగాన్ని కంటితో చూడడం కన్నా చిన్న పలచటి చెక్కముక్కను నోటి కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి లాగి చూడడం నయం. రెండువైపులా ఒకే మందం పొట్టు వచ్చేదాకా పక్కమీటను తిప్పాలి. లోతు చక్రానికి ఎప్పుడూ కొంత ఖాళీ తిరుగుడు ఉంటుంది. కత్తిని వెనక్కి తీయాల్సి వస్తే అవసరం కన్నా ఎక్కువ వెనక్కి తీసి, మళ్లీ ముందుకు తిప్పుతూ ఆపాలి. లేకపోతే నాలుగు తోపులయ్యేసరికి కత్తి లోపలికి జారుకుంటుంది. తోసేటప్పుడు మొదట్లో ముందుపిడి మీద, చివర్లో వెనుకపిడి మీద బరువు వేస్తే పలక కొసలు అరిగిపోవు. అడుగున కొవ్వొత్తి మైనం ఒక గీత గీసుకుంటే ఎంత తేలిక అవుతుందో చేసి చూస్తేనే తెలుస్తుంది. ఎందుకో దీన్ని ఎవరూ ముందు చెప్పరు.

మొత్తమ్మీద పెచ్చులు లేస్తుంటే ఏం చేయాలంటే, ఖర్చు లేనిది ముందు: పలకను తిప్పి పట్టడం. తర్వాత సానపెట్టడం. ఆ తర్వాత పొరను పలచన చేయడం. అప్పటికీ లేస్తుంటే బ్రేకర్‌ను జరపడం. ఇవన్నీ అయ్యాక కూడా మొండికేసే ముక్కకు గీరుడు బిళ్ల, అంటే చెక్కను గీరే పలచటి ఉక్కురేకు, ఉంది. ఆ మొండి ముక్క కోసం కొత్త చిత్రిక కొనాలని మనసు లాగుతుంది, దాన్ని మందలించాలి.

రంపం గురించి అంత సాగదీయక్కర్లేదు, సూత్రం అదే. నార వెంట కోసే రంపం పళ్లు వరుసగా పేర్చిన చిన్న ఉలుల్లా ఉంటాయి, ఒక్కో పన్ను నార కొసను చెక్కుకుంటూ పోతుంది. అడ్డంగా కోసే రంపం పళ్లు కత్తి మొనల్లా ఏటవాలుగా అరగదీసి ఉంటాయి. రెండు వరుసల మొనలూ ముందుగా నారను రెండువైపులా తెంపుతాయి, మధ్యది పొట్టయి రాలుతుంది. ఒకదాని పని ఇంకొకదానితో చేయిస్తే నార వెంట కోత నత్తనడక నడుస్తుంది, అడ్డకోత అంచులు చిరుగుతాయి. పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కొద్దిగా వంచి ఉంచేది కోత రంపపు రేకు కన్నా వెడల్పుగా రావడానికి. వంపు తక్కువైతే రంపం బిగుసుకుంటుంది, ఎక్కువైతే గీత తప్పి తిరుగుతుంది. గీత ఎప్పుడూ ఒకేవైపుకు తప్పుతుంటే ఆవైపు పళ్లు ఎక్కువ వంగి ఉన్నాయేమో చూడాలి, చేతిని తిట్టుకునే ముందు. పళ్లకొసలు నల్లగా గానీ నీలంగా గానీ కనిపించే రంపాలను ప్రత్యేకంగా గట్టిచేసి ఉంటారు. ఆకురాయి వాటి మీద జారిపోతుంది, మొద్దుబారితే మార్చుకోవడమే. జపాన్ రంపాలు లాగితే కోస్తాయి, లాగేటప్పుడు రేకు సాగి తిన్నగా ఉంటుంది కనుక చాలా పలచగా చేయగలిగారు. తోసేవి, లాగేవి రెండూ మంచివే. ఒకటి ఎంచుకుని దానికే చేతిని అలవాటు చేసుకోవడం మేలు.

కరెంటు పనిముట్లకొస్తే, పళ్ల లెక్క ఇదే సూత్రం చెబుతుంది. 10 అంగుళాల గుండ్రటి బ్లేడులో 24 పళ్లున్నది నార వెంట కోతకు, 60 నుంచి 80 పళ్లున్నది అడ్డకోతకు, ప్లైవుడ్‌కు. నార వెంట కోసినప్పుడు పొట్టు ఎక్కువ, అది పోవడానికి పళ్ల మధ్య చోటు కావాలి. పళ్లెక్కువ ఉన్న బ్లేడుతో అదే కోత కోస్తే చెక్క మాడుతుంది. టేబుల్ రంపంతో కోసిన అంచు నల్లబడుతుంటే బ్లేడు తర్వాత చూడాల్సింది ఫెన్స్, అంటే చెక్కను ఆనించి తోసే పక్క అడ్డు. అది బ్లేడుకు సమాంతరంగా ఉందో లేదో చూడడానికి ముందు ప్లగ్ తీసేయాలి. ఒక పన్నుకు గుర్తు పెట్టుకుని, దాన్ని ముందుకు తిప్పి యంత్రం బల్ల మీది గాడి నుంచి దూరం కొలిచి, అదే పన్నును వెనక్కి తిప్పి మళ్లీ కొలవాలి. వేర్వేరు పళ్లతో కొలిస్తే బ్లేడు వంకరను యంత్రం వంకర అనుకుంటాం. బ్లేడు గాడికి సమంగా ఉందని తేలాక ఫెన్స్‌ను ఆ గాడితో సరిచూడాలి.

ఇక్కడ తేడా వస్తే పని చెడడంతో ఆగదు. నిమిషానికి 4,000 సార్లు తిరిగే 10 అంగుళాల బ్లేడు అంచు సెకనుకు 50 మీటర్లకు పైగా వేగంతో పోతుంది. వెనుక పళ్లు కింది నుంచి పైకి లేస్తూ, మనిషి వైపు తిరుగుతుంటాయి. ఫెన్స్ వెనుకభాగం బ్లేడు వైపుకు వాలి ఉంటే చెక్క ఆ పళ్ల మీదికి నొక్కుకుంటుంది, అవి దాన్ని ఎత్తి మన మీదికి విసిరేస్తాయి. చెయ్యి అడ్డం పెట్టుకునే సమయం కూడా ఉండదు. బ్లేడు వెనుక నిలబడే రైవింగ్ నైఫ్ అనే పలచటి రేకు ఇది జరగకుండా చాలావరకు ఆపుతుంది. అడ్డొస్తోందని దాన్ని తీసేసి కోసేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్. తిరిగే పనిముట్ల దగ్గర చేతి తొడుగులు కూడా వద్దు, బట్టను పట్టుకుంటే చేతినీ లాక్కుపోతుంది. రౌటర్‌ను ఎప్పుడూ బిట్ (దానికి బిగించే తిరిగే మొన) తిరుగుడుకు ఎదురుగా తోయాలి. పలక బయటి అంచు చుట్టూ చేత్తో పట్టుకుని నడిపేటప్పుడు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశ. బిట్ తిరిగే దిశలోనే తోస్తే అది చక్రంలా చెక్క మీద పరుగందుకుంటుంది.

పొట్టును కూడా తేలిగ్గా తీసుకోవద్దు. కంటికి కనిపించే పొట్టు ఊడిస్తే పోతుంది. 10 మైక్రాన్ల కన్నా చిన్న దుమ్ము గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల దాకా పోతుంది. చెక్కదుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మొదటి గ్రూపులో చేర్చింది. గరుకుకాగితం యంత్రం, ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలక) కోత ఈ విషయంలో అన్నిటికన్నా చెడ్డవి. ఎన్95 స్థాయి మాస్కు, యంత్రానికి తగిలించిన వ్యాక్యూమ్ రెండూ ఉండాలి. చెవుల సంగతి: 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలుండడం, 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలుండడం చెవికి ఒకటేనని అమెరికాలోని వృత్తిభద్రతా పరిశోధన సంస్థ లెక్క. చాలా కరెంటు రంపాలు ఆ 100కు చేరువలోనో పైనో ఉంటాయి.

కొనే సంగతి చివరికి వదిలేశాను. పై విషయాలు తెలియకుండా కొంటే అందమైన పిడిని చూసి కొంటాం కాబట్టి. మొదటి డబ్బు సానపెట్టే సరంజామాకు పెట్టండి. రెండోది పట్టి ఉంచేదానికి. బరువైన బల్ల, ఓ వైస్, నాలుగు క్లాంపులు, చిత్రిక పట్టేటప్పుడు పలక జారకుండా ఆపే అడ్డు. ఊగే బల్ల మీద ఎంత మంచి చిత్రికైనా గజగజలాడుతుంది, కదిలే ముక్క మీద ఉలి జారితే తెగేది ఎడమచెయ్యి. రెండు చేతులూ అంచు వెనకాలే ఉండాలంటే ముక్కను పట్టుకునేది మూడోదేదో ఉండాలి. చేయి కిందికి వేలాడేసి నిలబడితే మణికట్టుకు కాస్త అటూ ఇటూగా బల్ల ఎత్తు చిత్రిక పనికి బాగుంటుంది.

తర్వాత గీత గీసేవి. మూలమట్టం కొన్నచోటే పరీక్షించొచ్చు. తిన్నటి అంచున్న పలకకు ఆనించి సన్నని కత్తిగీత గీసి, మట్టాన్ని తిరగేసి అదే చోటి నుంచి ఇంకో గీత గీయాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే సరే. విడిపోతే, కనిపించే ఎడం అసలు తప్పుకు రెట్టింపు. పెన్సిల్ కన్నా కత్తితో గీయడం ఎందుకంటే, కత్తి గీత గీతతో ఆగదు, నారను ముందే తెంపేసి పెడుతుంది. ఉలిని దాంట్లో ఆనిస్తే అదే గోడ, రంపాన్ని పక్కన నడిపితే అంచు చిరగదు. మొదట అడిగిన ప్రశ్నకు పని మొదలుకాకముందే జవాబు చెప్పేసినట్టు.

ఉలులు ఆరూ పన్నెండూ ఉన్న సెట్టుగా కొనక్కర్లేదు. 6, 12, 25 మిల్లీమీటర్లవి మూడు, కుదిరితే 18 కూడా. స్టీలు రకాల్లో ఓ1 సులువుగా, సన్నగా పదునెక్కుతుంది. ఏ2 ఎక్కువసేపు నిలుస్తుంది కానీ తక్కువ కోణంలో అంచు రాలే స్వభావం ఉంది, దాన్ని 30 దాటించి సానపెట్టడం మంచిది. సానపెట్టడం ఇంకా బరువుగా అనిపించే రోజుల్లో ఓ1 తోడుగా ఉంటుంది.

పాత చిత్రికలు తక్కువలో దొరికితే వదలొద్దు. పైపై తుప్పు, పోయిన వార్నిష్, అరిగిన పిడి ఏవీ అడ్డు కావు. కత్తి వెనుక తలం అంచు దగ్గర తుప్పు గుంటలు పడి ఉంటే కత్తి మార్చాలి, ఆ ఖర్చు బేరంలో కలుపుకోండి. లోతు చక్రం, పక్కమీట, చిప్ బ్రేకర్ ఉన్నాయా, మరలు తిరుగుతున్నాయా చూడండి. ఆ తర్వాత తిరగేసి నోటి రెండు మూలల్లోంచి అడుగు అంచుల దాకా వెలుతురులో వేలు పెట్టి చూడండి. పోత ఇనుము కింద పడితే ముందు అక్కడే పగులుతుంది. అక్కడ వెంట్రుకవాసి గీత కనిపిస్తే, ఎంత తక్కువకు ఇస్తామన్నా అది వద్దు.